బాలింత సీటు కింద మూడో ప్లగ్గు

మా ఆయన ముత్యాలయ్యకు సముద్రం పడదు. వల మీద బతికే ఇంట్లో పుట్టినోడు, పడవెక్కితే చాలు పేగులు నోట్లోకి వచ్చేటట్టు కక్కుతాడు. పెళ్లైన కొత్తలో మా చేపలోళ్ల పాళెం ఆడోళ్లు బోరింగు కాడ నన్ను ఆపి, "ఏమ్మే ఇందిరమ్మా, వేవిళ్లు నీకా నీ మొగుడికా?" అని పకపకా నవ్వేవోళ్లు. నాకు ఒళ్లు మండేది. వాళ్లనేమనగలను, ఇంటికొచ్చి ఈయన మీద పడేదాన్ని. ఈయన నా తిట్లన్నీ తీరిగ్గా తిని, "సముద్రం నా కూడే కదా మేయ్ తీసుకునింది, పానం తీసుకోలా కదా" అనేవాడు. అట్టాంటి మనిషితో ఎట్టా పోట్లాడతాం చెప్పండి?

పడవ కాకపోతే ఇంకోటి అని, మొదట సైకిల్ మీద చేపల గంప కట్టుకుని విడవలూరుకు పోయేవాడు. తర్వాత డ్రైవింగు నేర్చుకుని ఎవురెవురి బండ్లో తోలినాడు. సముద్రం మీద అల ఊగితే కక్కే మనిషి, మా రోడ్డు గుంతల్లో మటుకు కూనిరాగం తీస్తా తోలేవాడు. ఆఖరికి నెల్లూరులో ఎవురో వాడి వదిలేసిన తెల్ల వ్యాను ఒకటి కొన్నాడు. అదే, ముందర మూతి చప్పిడిగా ఉంటదే, ఆమ్నీ. ఆ బండికి ఇంజను ముందర ఉండదు, ముందు సీట్ల కింద ఉంటది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, నేను చెప్పే కతంతా ఆ సీటు కిందనే ఉండాది.

బండి చేతికొచ్చిన రోజే నన్ను పెద్దాస్పత్రి నుంచి ఇంటికి పంపించినారు. ఒళ్లో పసికందు, మా స్వర్ణ. మంచి చలికాలం, పైగా ముసురు. పెన్న వంతెన మీద గాలి కొడతా ఉంటే నా పళ్లు టకటకా కొట్టుకుంటా ఉండాయి. ఈయన నన్ను తన పక్కన ముందు సీట్లో కూర్చోబెట్టినాడు. కోవూరు దాటేసరికి కింద నుంచి సన్నగా వేడి ఎక్కింది. నడుముకు ఎవురో కాపడం పెడతా ఉన్నట్టు అనిపించింది. "ఏందయ్యా, నువ్వు కొనింది బండా, కుంపటా?" అన్నా. ఈయన మొగం చూడాల అప్పుడు! సముద్రాన్ని గెలిచొచ్చినోడి మాదిరి పెట్టినాడు.

ఆ రోజు నుంచి దానికి బాలింత సీటని పేరు పడిపోయింది. పాళెంలో ఎవురికి పురుడైనా ఈయనే పోవాల, ఆ సీట్లోనే తల్లీబిడ్డా రావాల. పొద్దున చేపలేసిన బండే కదా, నీచు వాసన. అందుకని ముందు రోజే చింతపండు నీళ్లతో కడిగి, తలుపులు మూసి లోపల సాంబ్రాణి వేసేవాడు. ఇంట్లో దేవుడికి నేనెప్పుడు వేసినానో గానీ, బండికి మటుకు తప్పేది కాదు. మామూలు రోజుల్లో కూడా మొగోడ్ని ఆ సీట్లో కూర్చోనిచ్చేవాడు కాదు. ఒకసారి ఊరి పెద్దమనిషి ఒకాయన ముందర ఎక్కబోతే, "అది బాలింత సీటన్నా, నువ్వు కన్నప్పుడు కూర్చుందువులే" అని వెనక్కి పంపించినాడు. ఆ మాట చెప్పుకుని పాళెం ఇప్పటికీ నవ్వతాది.

ఇంకోటి కూడా ఉండేది. బిడ్డను తెస్తా ఉంటే పాళెం మొదట్లోనే హారన్ కొట్టేవాడు. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. అది విని నేను ఎర్రనీళ్లు కలిపి పళ్లెంతో ఆ ఇంటి వాకిట్లో నిలబడాల. ఉత్త రోజుల్లో అట్టా కొట్టేవాడు కాదు. మా స్వర్ణ చిన్నప్పుడు ఆ హారన్ వింటే ఆడతా ఉండే ఆట వదిలి, "నాయనొస్తన్నాడు, పాప్పాయొస్తంది" అని పరిగెత్తేది. ఆ దినాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె తడౌతాది. 108 బండ్లు వచ్చినాక కూడా, పోయేటప్పుడు దాంట్లో పోయినోళ్లు వచ్చేటప్పుడు ఈయనకే ఫోన్ చేసేవోళ్లు.

స్వర్ణకు పెళ్లై కడుపుతో ఉండాదని తెలిసిన రోజు ఈయన దాని నెత్తిన చెయ్యి పెట్టి, "నిన్ను తెచ్చిన సీట్లోనే నీ బిడ్డనూ తెస్తానమ్మా" అన్నాడు. అని ఎన్నాళ్లో కాలా. పోయిన వానాకాలం పొద్దున్నే మొగం కడుక్కుంటా చెంబు జారవిడిచినాడు. వంగి తీసుకోబోయి తనూ పడిపోయినాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట కూడా పోయింది. ఊ అంటాడు, ఆ అంటాడు, అంతే. మనం చెప్పేదంతా అర్థమౌతాది, ఆయన చెప్పాలనుకునేదే బయటికి రాదు. నోరున్న మొగుడితో ఇన్నేళ్లు పోట్లాడినదాన్ని, నోరు లేని మొగుడితో ఎట్టా కాపరం చేసేది? ఆ నెలల్లో ఇల్లంతా నా గొంతే మోగేది.

మనిషితో పాటే బండీ పడింది. తాటాకు పంచలో నిలబడి, వానకు తడిసి, ఉప్పు గాలికి తుప్పు పట్టి, తాళం తిప్పితే మూలగడం తప్ప ఎత్తుకోదు. ఈయన మంచం దానికెదురుగా వేయించుకుని పొద్దస్తమానం దాన్నే చూస్తా కూర్చునేవాడు. చేతికి కసరత్తు చేయమని డాక్టరు చెప్పింది చెయ్యడు. పెట్టింది తినడు. స్వర్ణ ఆడపిల్లను కనిందని నెల్లూరు నుంచి అల్లుడు పెంచల్ ఫోన్ చేసినప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగినాయి గానీ, "శుక్రవారం పంపిస్తారంట అత్తా, కారు మాట్లాడతా" అన్న మాట వినపడగానే ఎడం చేత్తో కంచం విసిరికొట్టినాడు. అన్నం వాకిలంతా పడింది. నాకు కోపం రాలా, భయమేసింది. ఆ బిడ్డ ఇంకో బండిలో ఈ గడప కాడికొస్తే ఈ మనిషి ఇంక ఆ మంచం దిగడని నాకు తెలిసిపోయింది.

విడవలూరు నుంచి మెకానిక్ కలీంను పిలిపించినా. మంచోడు, ఈయనంటే పానం. సీటు ఎత్తి చూసి, "ప్లగ్గులు పోయినాయక్కా, మూడూ మార్చాల" అన్నాడు. రెండు మార్చినాడు. మూడోది ఇంజనుకు వెనకాతల మూలన ఉంటది. మామూలుగానే అది మొండిది. ఎప్పుడో ఈ బండికి గ్యాస్ కిట్ పెట్టించినప్పుడు ఎవుడో మహానుభావుడు సరిగ్గా దాని ముందర ఒక ఇనప పట్టీ అడ్డం బిగించిపోయినాడు. కిట్ తీసేసినా పట్టీ రాలా, తుప్పుకు అట్టనే అతుక్కుపోయింది. ఆ పట్టీ సందులో నుంచి చెయ్యి దూర్చి, కంటికి కనపడకుండా తడుముకుంటా తిప్పాల. ఈయన సన్న చెయ్యి కాబట్టి ఇన్నేళ్లూ తిప్పుకున్నాడు. కలీం చెయ్యి మణికట్టు కాడనే ఆగిపోయింది. "పట్టీ కోయాలక్కా. జాతర కాంట్రాక్టు పనిలో ఉండా, అది కాంగానే మిషను తెచ్చి కోసిస్తా" అని కొత్త ప్లగ్గు అట్టపెట్టెలోనే పెట్టిపోయినాడు. రెండు ప్లగ్గులతో బండి ఎత్తుకునేది గానీ, కుంటి గుర్రం మాదిరి గడగడా వణికి గేరు వేస్తానే చచ్చేది.

జాతర అయ్యేదాకా శుక్రవారం ఆగదు కదా. వచ్చేసింది.

పొద్దున్నే పెంచల్ మోటార్ సైకిల్ మీద దిగినాడు. స్వర్ణ కాడ వియ్యపురాల్ని కూర్చోబెట్టి వచ్చినాడు. మామ మొగం చూసినాడు, చొక్కా ఇప్పి సీటు ఎత్తినాడు. పిల్లోడు రొయ్యల గుంటల కాడ పని చేస్తాడు, ఒక్కో వేలు అరటికాయంత ఉంటది. "చెయ్యా నాయనా అది, తెడ్డా?" అన్నా. సందులో ఇరుక్కుపోయి బయటికి లాక్కునేసరికి తోలంతా గీరుకుపోయింది.

మంచం మీద నుంచి ఈయన "ఊ, ఊ" అంటా ఎడం చెయ్యి నా వైపు చూపించినాడు.

"నేనా?" అన్నా. "గరిట తిప్పమంటే తిప్పుతా గానీ, పానా నాకేం తెలుసు?"

మళ్లీ "ఊ" అన్నాడు. సరే, పోయి చెయ్యి పెట్టినా. వేళ్లు పోయినాయి, అరచెయ్యి పోయింది, గాజులు పోయి పట్టీకి టక్కున తట్టుకున్నాయి. నేను ఎప్పుడూ చేతి నిండా మట్టిగాజులు వేస్తా. ఈయన పడిపోయినాక ఇంకో నాలుగు ఎక్కువే వేసుకున్నా. ఎందుకో మీకు చెప్పాల్సిన పని లేదు. వెనక్కి తీసుకుంటే ఒక గాజు చిట్లి పుటుక్కున కింద పడింది.

"అయ్యో, పెరిగిందే!" అన్నా. గాజు పగిలిందనకూడదు కదా, పెరిగిందనాల. మాయమ్మ అట్టా నేర్పింది.

పెంచల్ మెల్లిగా, "గాజులు తీసి పెడితే పడతాది కదత్తా" అన్నాడు.

నీ జిమ్మడ, ఎంత మాటన్నాడు! "మొగుడు మంచం మీద ఉంటే బోడి చేతులు చేసుకోమంటావా? మా పాళెంలో ఆడదాని చేతి గాజులు ఎప్పుడు తీస్తారో నీకు తెలీదా? నోరు మూసుకో" అని అరిచినా. వాడు తల దించుకున్నాడు. ఇన్ని నెలలు నోటితో ఎంత అరిచినా, లోపల నేను మోస్తా ఉండే భయం అదొక్కటే.

అప్పుడు ఈయన లేచినాడు. నిజంగానే, ఎవురూ పట్టుకోకుండా మంచం కోడు పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటా దొడ్డి కాడికి పోయినాడు. సబ్బు, చెంబు ఒకే చేత్తో ఎట్టా పట్టుకున్నాడో, తెచ్చి నా ముందర కూలబడినాడు. నా చెయ్యి లాగి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎడం చేత్తోనే సబ్బు రాసినాడు. నా వేళ్లు దగ్గరికి నొక్కి ఒక్కో గాజూ తీస్తా ఉండాడు. "వొద్దు మావా, వొద్దు మావా" అంటా ఏడస్తానే ఉండా గానీ చెయ్యి వెనక్కి లాక్కోలా. కొత్త కాపరంలో తప్ప ఆయన్ని మావా అని పిలిచింది లేదు. ఒక చెయ్యి అయినాక రెండోది అందుకున్నాడు. పట్టీకి ఇవతల నుంచి ఒక చెయ్యి, అవతల నుంచి ఇంకో చెయ్యి పోవాల, అందుకు. తీసిన గాజులన్నీ తన చొక్కా జేబులో వేసుకుని, పైన అరచేత్తో ఒకసారి తట్టినాడు. నేను బతికే ఉండా కదే, అన్నట్టు. చేతులు ఉత్తగా ఉండకూడదని ఒక పసుపు దారం కట్టుకుని పోయి సీటు కింద దూరినా.

చెయ్యి పోయింది. గుడ్డిదాన్ని మాదిరి తడుముకుంటా ఉంటే ప్లగ్గు మీది మూత తగిలింది. వైరు పట్టుకుని లాగబోతే వెనక నుంచి "కా! కా!" అని అరిచినాడు. కాదని అర్థం. మెలిపెట్టి తీయమని వేళ్లతో చూపించినాడు. మెలిపెడితే ఊడొచ్చింది. తర్వాత గుడ్డతో చుట్టూ తుడిపించినాడు, ఇసక లోపల పడకుండా. కమ్మరి కాడ వంచి చేయించుకున్న ఆయన సొంత పానా ఒకటుండాది, ఆ వంకర ఇన్నేళ్లూ నాకు అర్థం కాలా. ఆ సందులో పెడితే అర్థమైంది. తుప్పు వదలాలని ముందు రోజే పడవ డీజిలు నాలుగు చుక్కలు పోసిపెట్టినాం కాబట్టి, రెండు సార్లు మొండికేసి మూడోసారి కిర్రుమని తిరిగింది. ఆ శబ్దం వింటానే ఈయన నవ్వినాడు. మూతి ఒక పక్కకే పోయింది, అయినా నవ్వే.

పాత ప్లగ్గు తీసి చేతిలో పెట్టినా. మసి తుడిచి, ఎండకు పెట్టి, దాని కొనల మధ్య సందును చూసినాడు. పెదాలు ఏందో చేసినాయి.

"పె... రి... గింది" అన్నాడు.

నేను, పెంచల్ ఒకరి మొగం ఒకరం చూసుకున్నాం. మాట! "అవును మావా, ఒక గాజు పెరిగింది, పోనీలే" అన్నా. కాదని తల ఊపి ప్లగ్గు నా మొగం ముందర ఊపినాడు. పెంచల్‌కు వెలిగింది. "గ్యాప్ అత్తా, ప్లగ్గు గ్యాప్ పెరిగిందంటన్నాడు" అని పెద్దగా నవ్వినాడు. ఓరి నాయనో, ఇన్ని నెలలకు నోరు తెరిచి నా గురించి కాకుండా ప్లగ్గు గురించి మాట్లాడతాడా! ఏడస్తా తిట్టినా, తిడతా నవ్వినా.

కొత్తదాన్ని రబ్బరు పైపు ముక్కకు గుచ్చి, ఒక చేత్తో పైపు తిప్పుతా, ఇంకో చేత్తో దారి చూపిస్తా లోపల కూర్చోబెట్టినా. ఆ తర్వాత పానా వేసి ఊపిరి బిగబట్టి లాగబోయినా. మా పడవలోళ్ల ఇళ్లల్లో బిగింపు అట్టనే ఉంటది, సముద్రం వదులు చేస్తాది కాబట్టి ఒళ్లంతా వేసి బిగిస్తాం. మా అన్న ఒకసారి అట్టా బిగించే ఈ బండి ప్లగ్గు మర చెడగొట్టినాడు. ఈయన పంచలో నేలను అరచేత్తో దబదబా బాదినాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి కొంచెంగా తిప్పి చూపించినాడు. ఉప్పు చిటికెడు తీసినంత మెల్లిగా. అంతే తిప్పినా, మూత పెట్టేసినా.

పెంచల్ తాళం తిప్పినాడు. ఒకసారి మూలిగింది. రెండోసారి ఎత్తుకునింది, వణకలా. ఆ గొంతు విని పక్కింటోళ్లు తలుపులు తీసినారు. "ముత్యాలయ్య బండే!" అని ఎవురో కేకేసినారు. నేను బయటికొచ్చేసరికి ఈయన బానెట్ లేని ఆ బండి మూతి మీద చెయ్యేసి నిలబడి ఉండాడు.

"ఆపబాక పెంచలా, ఆపితే మళ్లీ ఎత్తుకుంటదో లేదో, పద!" అన్నా. స్నానం లేదు, చీర మార్చింది లేదు. గాజులు వేసుకుందామంటే చేతులు గీరుకుపోయి బొద్దుగా వాచినాయి, ఎక్కవు. చెమటకు మోచేత్తో మొగం తుడుచుకుంటా ఉంటే బొట్టు ఎప్పుడో పోయింది. సీటు కింద దూరేటప్పుడు దోపుకున్న తాళి జాకెట్టు లోపలే ఉండిపోయింది. పసుపు దారం ఇంజను నూనెకు నల్లబడి యాడో తెగిపోయింది. ఇవేవీ నాకు తెలీదు. నా తలకాయలో ఒకటే, ఇంజను ఆగకూడదు.

ఆస్పత్రి గేటు కాడ పెంచల్ ఆక్సిలరేటర్ మీద కాలు తీయలా. ఈయన పక్క సీట్లో. మొగోడే, ఈ ఒక్కసారికి. వాచ్‌మెన్ బండి తీయమని అరస్తా ఉంటే నేనొక్కదాన్నే లోపలికి పరిగెత్తినా. వియ్యపురాలు కాగితాల కోసం కిందికి పోయిందంట. స్వర్ణ మంచం మీద బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోనుంది. నన్ను చూసి నవ్వబోయింది. దాని కళ్లు నా మొగం మీద నుంచి చేతుల మీదికి జారినాయి. ఆడనే ఆగిపోయినాయి. పక్క మంచాల ఆడోళ్లు కూడా నా చేతులే చూస్తా ఉండారు.

"అమ్మా... నాయనేడి?" అనింది.

"బండి కాడ ఉండాడు, లే, లే, తొందరగా" అన్నా.

"అబద్ధం చెప్పబాకమ్మా" అనింది. దాని పెదాలు తెల్లగా పాలిపోయినాయి. "ఎప్పుడమ్మా? నాకెందుకు చెప్పలా?" బిడ్డను గుండెకు అదుముకుని, "నాయనా!" అని ఒక్క అరుపు అరిచింది. అప్పుడు చూసుకున్నా నేను నా చేతుల్ని. నల్లగా, బోడిగా. ఎప్పుడూ ఆగని నా నోరు ఆ ఒక్క నిమిషం పడిపోయింది, ఈయన నోటి మాదిరే.

కింద హారన్ మోగింది. పొడుగ్గా ఒకటి. పొట్టిగా రెండు.

ఆస్పత్రి కాడ కొట్టకూడదని తెలుసు. వాచ్‌మెన్ అరుపు పైకి వినపడతానే ఉండాది. అయినా మళ్లీ కొట్టినాడు, పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు. పెంచల్‌కు ఆ లెక్క తెలీదు. మా పాళెం దాటితే ఇంకెవురికీ తెలీదు. స్వర్ణ కళ్లు మూసుకుని వినింది. మళ్లీ ఏడిచింది గానీ అది వేరే ఏడుపు. "పాప్పాయొస్తంది నాయనా" అనింది, చిన్నప్పటి గొంతుతో.

స్వర్ణను, బిడ్డను బాలింత సీట్లో కూర్చోబెట్టి ఈయన, నేను, వియ్యపురాలు వెనక ఎక్కినాం. కోవూరు దాటినాక స్వర్ణ వెనక్కి తిరిగి, "వెచ్చగా ఉందమ్మా" అనింది. ఈయన కళ్లు తుడుచుకోలా. జేబులో నుంచి గాజులు తీసినాడు. నా చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, కొంచెం తగ్గిన వాపు మీద నొప్పి పుట్టకుండా, ఎడం చేత్తో ఒక్కోటీ ఎక్కిస్తా వచ్చినాడు. పాళెం దగ్గర పడేసరికి అన్నీ అయిపోయినాయి.

"ఒకటి తక్కువుండాది" అన్నా.

ఈయన నా చెయ్యి వైపు చూడలా. ముందు సీట్లో, స్వర్ణ భుజం మీద నుంచి కనపడతా ఉండే ఆ చిన్న తలకాయనే చూస్తా ఉండాడు.

"పెరిగింది" అన్నాడు. ఈసారి తడబడలా.